నాలుగు చుక్కలు, ఒక ‘ఆయ్’

ఆ రోజు చేసిన తప్పు ముందే చెప్పేస్తాను. మధ్యాహ్నం నాలుగింటికి, ద్రాక్షారామంలో ఒక సత్రం గదిలో మంచం మీద కూర్చుని, ఒక పెద్దాయన చెప్పని మాటను చెప్పినట్టు ఫోన్లో రాసి, కింద నా పేరు పెట్టి పంపేశాను. పైగా వచ్చిన పని తొందరగా తెమిలిందని సంతోషించాను. ఏం చేశానో మర్నాటి మధ్యాహ్నానికి గానీ తెలియలేదు. గోదావరి వైపు వెళ్ళొచ్చావు కదా, అక్కడి తిండీ మనుషులూ ఎలా ఉన్నారో రాయమని మిత్రులు అడిగారు. రాస్తాను. కానీ ఆ సంగతి దాటేసి రాస్తే మిగిలినదంతా కూడా అబద్ధమే అవుతుంది.

మాది హనుమకొండ. కాలేజీలో ముప్పై ఏళ్ళు రసాయనశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. కరెంటును మోసే ప్లాస్టిక్ పొరల మీద ఒకప్పుడు కొంత పనిచేశాను కాబట్టి, ఆ విషయం మీద వచ్చిన థీసిస్‌లు విశ్వవిద్యాలయం కమిటీ అప్పుడప్పుడు నాకు పంపుతూ ఉంటుంది. ఈసారి వచ్చింది సువార్త గారిది. ద్రాక్షారామం దగ్గర ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో కాంట్రాక్టు లెక్చరరు ఆవిడ.

విషయం ఇదీ. ముదురు నీలం సిరా లాంటి ద్రావణం ఒకటుంటుంది. దాన్ని గాజు పలక మీద పల్చగా పరిచి ఆరబెడితే నీలం పొర మిగులుతుంది. ప్లాస్టిక్కే, కానీ కరెంటును మోస్తుంది. మోస్తుందంటే ఏదో అంతంత మాత్రం. అందులో రెండు రకాల గొలుసులు పెనవేసుకుని ఉంటాయి. ఒక రకం కరెంటును నడిపిస్తుంది. రెండో రకం ఆ మొదటిదాన్ని నీళ్ళలో నిలిపి ఉంచుతుంది, కానీ ఆరాక కరెంటుకు అదే అడ్డం కూర్చుంటుంది. ఆ ద్రావణంలో ఇథిలీన్ గ్లైకాల్, అంటే కారు రేడియేటర్లో పోసే కూలెంటులో ఉండే ద్రవమే, నాలుగు చుక్కలు కలిపితే అడ్డం కూర్చున్నవి పక్కకు జరుగుతాయి, నడిపించేవి ఒకదాన్నొకటి అందుకుంటాయి. కరెంటు వందల రెట్లు బాగా పారుతుంది. ఇదేమీ కొత్త కాదు, చాలామంది చేసి చూసిందే. చిత్రం ఏమిటంటే, కలిపిన ఆ ద్రవం ఆరబెట్టే వేడికి దాదాపు ఆవిరైపోతుంది. పొరలో వెతికినా దొరకదు. అది చేసిన పని మాత్రం ఉండిపోతుంది.

నా అనుమానం అక్కడే పుట్టింది. సువార్త గారి అంకెలు బాగున్నాయి, మరీ బాగున్నాయి. అదీ అన్ని నెలల్లోనూ కాదు. కొన్ని నెలల్లో అద్భుతం, కొన్ని నెలల్లో మామూలు. వేరే చోట ఇద్దరు అదే పద్ధతిలో చేస్తే ఆ అంకెలు రాలేదని కమిటీకి ఫిర్యాదు కూడా వచ్చింది. కలిపింది కనబడకుండా పోయే చోట ఎవరేం కలిపారో ఎవరికి తెలుస్తుంది? ఈ ద్రావణాన్ని ముందే మందు కలిపి అమ్మేవాళ్ళున్నారు. అది కొని తెచ్చి, నేనే కలిపానని రాసుకుంటే పట్టుకునేదెవరు? వెళ్ళి చూసి రమ్మంది కమిటీ. నా నివేదిక బాగుంటే ఆవిడకు డాక్టరేటు. బాగోకపోతే రిజిస్ట్రేషన్ రద్దు, ఆ వెనకే ఉద్యోగం కూడా. ఇదంతా తెలిసే బయల్దేరాను.

రావులపాలెం

వస్తానని చెప్పిన రోజుకంటే ఒకరోజు ముందే కాలేజీకి చేరేలా బయల్దేరాను. రాజమండ్రి స్టేషనుకు కారు పంపుతామని కాలేజీవాళ్ళు అంటే వద్దన్నాను. సర్దుకునే వ్యవధి ఇవ్వకూడదని నా ఎత్తు. విజయవాడలో బస్సు మారి, పొద్దున్నే రావులపాలెం సెంటర్లో దిగాను.

మా దగ్గర అరటిపండంటే ఒకటే రకం, తోపుడుబండి మీద డజన్ల లెక్క. ఇక్కడ మార్కెట్టులో గెలలు గోడల్లా నిలబెట్టి ఉన్నాయి. సైకిలుకు అటు నాలుగు, ఇటు నాలుగు కట్టుకుని మనుషులు నడిపించుకొస్తున్నారు. చక్కెరకేళి, అమృతపాణి, కర్పూరం అని పేర్లు చెబుతుంటే వింటూ తిరిగాను. ఒకచోట పళ్ళన్నీ ఒకే పసుపులో మెరుస్తున్నాయి. అలా మెరిస్తే నాకు నమ్మకం పోతుంది. మందు పెట్టి పండించారా అని అడిగాను.

తువ్వాలు తలకు చుట్టుకున్న ఆ వ్యాపారి నన్ను కింది నుంచి పైదాకా చూశాడు. “మందు కావాలంటే యానాం వెళ్ళాలండి. ఇక్కడ పళ్ళే ఉంటాయి” అన్నాడు.

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. నేను నవ్వలేదు. డెబ్బై రూపాయలిచ్చి డజను చక్కెరకేళి కొని, అక్కడే నాలుగు తిన్నాను. తేనెలా ఉంది. అంత తియ్యగా ఉండటం కూడా అనుమానంగానే తోచింది.

ఈ ప్రాంతంలో నన్ను మొదట ఇబ్బంది పెట్టింది ఎండ కాదు, మర్యాద. కండక్టరు ‘అండి’ అంటాడు, టీకొట్టు ఆయన ‘అండి’ అంటాడు, దారి అడిగితే చెప్పే బడిపిల్లలు కూడా అంతే. కుక్కను అదిలించేటప్పుడు కూడా ‘వెళ్ళండి’ అంటారేమో అనిపించింది. మా వైపు మర్యాద లేదని కాదు. మాటలో పెట్టం, అన్నంలో పెడతాం. కాదనదలుచుకుంటే మొహం మీదే కాదంటాం. ఇంత మెత్తని మాట వెనక ఏం దాచుకున్నారో అని నాకు భయం.

ద్రాక్షారామానికి ఆటో మాట్లాడుకున్నాను. మండపేట మీదుగా పోనిమ్మన్నాను. డ్రైవరు “ఆయ్” అన్నాడు. జొన్నాడ వంతెన దాటిన కాసేపటికి ఆ దారి వదిలి కాలవ గట్టు పట్టాడు. మండపేట మీదుగా అన్నాను కదా అని గట్టిగా అడిగాను. మళ్ళీ “ఆయ్” అన్నాడు, బండి మాత్రం తిప్పలేదు. గట్టుకు రెండు వైపులా ఊడ్పులు జరుగుతున్నాయి. వరసలో వంగిన ఆడవాళ్ళు, బురదలో వాళ్ళ వెనకే బాతులు. చూడదగ్గ దృశ్యమే, నేను మాత్రం ఫోన్లో మ్యాపు చూసుకుంటూ కూర్చున్నాను. కిరాయి ముందే ఖాయమైంది కాబట్టి, దారి మారిస్తే అతనికి ఒరిగేదేమీ లేదు. అది నాకు తట్టలేదు. దిగేటప్పుడు “అక్కడ కల్వర్టు...” అని ఏదో చెప్పబోయాడు. నేను వినకుండానే సంచి తీసుకుని నడిచాను.

ఆ సాయంత్రం డైరీలో రాసుకున్నాను: నోటితో ఔనని చేత్తో కాదనే మనుషులు. ఆ వాక్యం కింద గీత కూడా గీశాను.

ద్రాక్షారామం

ఇక్కడి గుళ్ళో శివలింగం రెండంతస్తుల ఎత్తు. కింద నుంచి చూస్తే పీఠం దగ్గరి భాగమే కనిపిస్తుంది, పై భాగం చూడాలంటే మెట్లెక్కాలి. కింద చూసి వెళ్ళిపోతున్న నన్ను పూజారి వెనక్కి పిలిచి పైకి పంపారు.

పొద్దున సత్రం ఎదురుగా ఒక పాక హోటల్లో దిబ్బరొట్టి తిన్నాను. మినప్పిండి మూకుడులో పోసి, మూత పెట్టి, సన్నని సెగ మీద చాలాసేపు కాలుస్తారు. అరచెయ్యంత మందం. అడుగు కరకర, లోపల దూది. చట్నీతో పాటు బెల్లం పాకం కూడా పెట్టారు. మా అట్టు రెండు నిమిషాల్లో అయిపోతుంది, దీనికి పావుగంట పట్టింది. ఇంత ఆలస్యమేమిటని విసుక్కుంటే, తొందరపడితే లోపల పిండి పిండిగా ఉంటుందండి అంది కాల్చే ఆవిడ.

కాలేజీకి వెళ్ళేసరికి సువార్త గారు గుమ్మంలోనే ఎదురయ్యారు. నలభైకి దగ్గర్లో ఉంటారు. వాళ్ళది లూథరన్ చర్చికి వెళ్ళే కుటుంబం, వాళ్ళమ్మగారు ఊడ్పులకూ కోతలకూ వెళ్ళి చదివించారని తర్వాత తెలిసింది. “రేపనుకున్నామండి” అన్నారు. ఆ మాటను నేను మనసులో ఒక పక్కన పెట్టుకున్నాను.

ల్యాబు ఒక పొడుగాటి గది. కిటికీ అద్దాలు రెండు లేవు, అవతల వరిచేలు. అటెండరు వెంకన్న గారిని పరిచయం చేశారు. యానాం పక్కన గోదావరి ఒడ్డున చేపలు పట్టే కుటుంబం ఆయనది. పాతికేళ్ళ కింద వేట మానేసి ఇక్కడ చేరారు. అరవైకి దగ్గర. గాజు పలకను గిరగిరా తిప్పి ద్రావణాన్ని పల్చగా పరిచే యంత్రం కొనలేక, పాత మిక్సీ మోటారుతో ఆయనే ఒకటి బిగించారట. దాన్ని చూసి ముచ్చటపడాల్సింది. దీంతోనా ఆ అంకెలు వచ్చాయి అనుకున్నాను.

సువార్త గారు నా ఎదుటే చేసి చూపించారు. ఏమీ కలపని ద్రావణంతో ఒక పొర, నాలుగు చుక్కలు కలిపినదానితో ఇంకొకటి. వేడి పలక మీద ఆరబెట్టి, కరెంటు ఎంత పారుతోందో కొలిచే నాలుగు సూదుల మీటరు ఆనించారు. కలపనిదానికంటే కలిపింది చాలా మెరుగే. కానీ థీసిస్‌లో ఉన్నదాంట్లో పదో వంతుకు కూడా రాలేదు. ఇదేమిటని అడిగాను.

“ఈ నెలల్లో ఇంతేనండి. ఎందుకో నాకూ తెలియదు. తెలియదనే రాశాను థీసిస్‌లో” అన్నారావిడ.

శాస్త్రం చదివినవాళ్ళు తెలియదని రాయడం ఎంత అరుదో నాకు తెలుసు. నేను పరీక్షించినవాళ్ళలో ఆ మాట రాసినవాళ్ళు ఇద్దరో ముగ్గురో. అయినా అది తప్పించుకునే మాటలాగే వినిపించింది.

గంట కొట్టారు, ఆవిడ క్లాసుకు వెళ్ళారు. నేను ఫ్రిజ్ తెరిచాను. ఒకటి కాదు, రెండు సీసాలున్నాయి. రెండో దాని మీద కంపెనీ కాగితం సగం ఊడిపోయి ఉంది. దొరికింది అనుకున్నాను. వెంకన్న గారు తొట్టి దగ్గర పలకలు కడుగుతున్నారు. సీసా చూపించి అడిగాను.

“ఇది బయట్నుంచి కలిపే వచ్చింది కదా?”

“ఆయ్” అన్నారు, చేతిలో పలక కింద పెట్టి.

“థీసిస్‌లో బాగా వచ్చిన పొరలన్నీ దీంతో చేసినవే.”

“ఆయ్.”

“మేడమ్ గారు ఎవరికీ చెప్పొద్దన్నారు.”

“ఆయ్” అని, లుంగీకి చేతులు తుడుచుకుంటూ రెండడుగులు నా వైపు వచ్చారు. ఇంకేదో అనబోతున్నట్టున్నారు. నాకు ఇంకేమీ అక్కర్లేకపోయింది. సీసా లోపల పెట్టేసి, తలుపు మూసి, సువార్త గారు వచ్చేదాకా కూడా ఆగకుండా సత్రానికి వచ్చేశాను. సీసా మూత తియ్యలేదు. ముప్పై ఏళ్ళు పిల్లలకు ‘ముందు చూడండి, తర్వాత రాయండి’ అని చెప్పినవాణ్ని, మూత తియ్యలేదు.

‘ద్రావణం ముందే కలిపి కొన్నదని ల్యాబు అటెండరు స్వయంగా అంగీకరించాడు’ అని రాసి కమిటీ కన్వీనరుకు పంపాను.

యానాం

పని అయిపోయింది కాబట్టి మర్నాడు చూడటానికని యానాం వెళ్ళాను. చుట్టూ ఆంధ్రా, మధ్యలో పుదుచ్చేరి ముక్క. ఒకప్పుడు ఫ్రెంచివాళ్ళది. బస్సు దిగగానే కనిపించేవి మందు షాపులు. పక్క ఊళ్ళ నుంచి వచ్చిన మగవాళ్ళు సంచులు ఒళ్ళో పెట్టుకుని చాలా అమాయకంగా బస్సుల్లో కూర్చుని ఉన్నారు. నా పక్క సీట్లో వచ్చిన ఒకాయన సంచీని దారంతా అనుమానంగా చూస్తూ వచ్చాను. దిగేటప్పుడు అందులోంచి మొక్కజొన్న కంకి తీసి నాకిచ్చాడు.

గోదావరికి ఎర్రనీరు వచ్చింది. పులసల కాలం. సముద్రంలో ఉన్నప్పుడు విలస అంటారట ఆ చేపను. ఎర్రనీటికి ఎదురీది గోదావరిలోకి వచ్చాక పులస అవుతుంది, రుచీ ధరా రెండూ మారిపోతాయి. సముద్రం చేపను తెచ్చి పులసని అంటగట్టేవాళ్ళు కూడా ఉంటారని రేవు దగ్గర ఎవరో హెచ్చరించారు. నాకు ఆ హెచ్చరిక అవసరమే లేదు.

రేవుకు దగ్గర్లో ఒక మెస్సు బోర్డు మీద ‘చేపల పులస’ అని చదివి లోపలికి వెళ్ళాను. నడిపే ఆవిడ పేరు సత్తెమ్మ గారు. అరిటాకు వేసి, అన్నం పెట్టి, ముంత లాంటి గిన్నెలోంచి ముక్కలు వేస్తున్నారు. రెండు ముద్దలు తిన్నాక నాలోని పరీక్షకుడు లేచాడు.

“ఇది పులస కాదు. సముద్రం విలసే తెచ్చారు కదా?”

“ఆయ్” అన్నారావిడ, గరిటె ఎత్తుతూ.

“అది తెలిసే పులసని అమ్ముతున్నారు.”

“ఆయ్.”

“మరి ఒప్పుకుంటున్నారుగా!”

గరిటె ఆగిపోయింది. పక్క బల్లల వాళ్ళు తినడం ఆపి నన్ను చూశారు.

“ఏంటండి ఒప్పుకున్నది? ఔనన్నానా నేను? ఆయ్ అన్నాను” అన్నారు సత్తెమ్మ గారు. “మీ మాట వినబడిందని చెప్పానండి. అన్నం ముందు కూర్చున్నారు, పెద్దవారు, మాట మధ్యలో కాదంటానా? మీరనేది అయ్యాక చెబుదామనుకున్నాను. మీరు అవనిస్తేనా!”

“సరే, అయింది. చెప్పండి.”

“అది పులసా కాదు, విలసా కాదు. చెరువు బొచ్చె. బోర్డు మీద ఉన్నది పులుసండి. వానకి కొమ్ములు చెరిగిపోయాయి.”

అందరూ నవ్వారు. ఎవరో, పులుసు రేటుకి పులస పెడితే సత్తెమ్మ ఈపాటికి సన్యాసం పుచ్చుకునేదండి అన్నాడు. నాకూ నవ్వొచ్చింది. నవ్వుతుండగానే చేతిలో ముద్ద చల్లబడిపోయినట్టయింది. తొట్టి దగ్గర పలక కింద పెట్టి, చేతులు తుడుచుకుంటూ నా వైపు వచ్చిన మనిషి కళ్ళ ముందు నిలబడ్డాడు. సత్తెమ్మ గారు నన్ను ఆపి మరీ చెప్పుకున్నారు. వెంకన్న గారికి ఆ ‘అయ్యాక’ నేను ఇవ్వలేదు.

ఇంకా ఖాయం చేసుకోవాలని ఆవిణ్నే అడిగాను. ఒకర్ని మూడు మాటలు అడిగితే మూడింటికీ ఆయ్ అన్నాడు, దానికి అర్థం ఏమిటని. మొహంలో నవ్వు పోయింది ఆవిడకు. “మీరు మూడు మాటలన్నారని అర్థమండి. ఆయనేమన్నాడో మీకింకా తెలియదు” అన్నారు.

ఆకు మడిచి లేచాను.

మళ్ళీ ద్రాక్షారామం

కన్వీనరు ముందురోజు సాయంత్రమే ప్రిన్సిపాలుకు ఫోన్ చేశాడు. ల్యాబుకు తాళం వేసి ఉంది. సువార్త గారు స్టాఫు రూములో ఒక్కరే కూర్చుని ఉన్నారు. నన్ను చూసి లేచి నిలబడ్డారు. అదొక్కటే నేను తట్టుకోలేకపోయాను, ఆ స్థితిలో కూడా లేచి నిలబడటం.

నేను చెప్పుకోవాల్సింది చెప్పుకున్నాను. ఆవిడ గొంతు పెంచలేదు. “నన్ను నమ్మకపోతే పోనీండి. సీసా మూతైనా తియ్యాల్సింది” అన్నారు. “వెంకన్న గారు రాత్రి నుంచి అన్నం ముట్టలేదండి. నేనేమన్నానమ్మా, నేనేమన్నానని అడుగుతున్నారు. ఏం చెప్పను?”

తాళం తీయించి, వెంకన్న గారిని పిలిచి, ముగ్గురం లోపలికి వెళ్ళాం. రెండో సీసా మూత తీశాను. అందులో ఉన్నది ద్రావణం కాదు, విరిగిన పాలలాంటి నీలం ముద్దలు. కిందటేడు ఫ్రిజ్ చల్లదనం హద్దు మీరి గడ్డకట్టి పాడైపోయిందట. ఖరీదైన సరుకని పారెయ్యబుద్ధి కాక, పిల్లలకు చూపించడానికి ఉంచారు. దాంతో ఏ పొరా పరవలేం. మూత తీస్తే ఒక్క క్షణంలో తెలిసే సంగతి.

అయినా ఒక ప్రశ్న మిగిలే ఉంది. కొన్ని నెలల్లో ఆ అంకెలెందుకు వస్తున్నాయి? బాగా వచ్చిన తేదీల పట్టిక నా సంచిలో ఉంది, ఆవిణ్ని పట్టుకోవడానికి తయారు చేసుకున్నదే. బల్ల మీద పరిచాను. ఆశ్వయుజం చివర, కార్తీకం. మళ్ళీ చైత్రం ఆ ప్రాంతం. గాలిలో తేమా అంటే కాదు, తేమ తక్కువున్న నెలల్లోనూ రాలేదు. సీసా మారిందా అంటే అదీ కాదు. నేనూ సువార్త గారూ చాలాసేపు మాట్లాడుకున్నాం. వెంకన్న గారు గోడవార నిలబడి, నా ప్రతి మాటకూ ఆయ్ అంటున్నారు.

అప్పుడు నేను నోరు మూసుకున్నాను. సువార్త గారు కూడా ఆగారు. చాలాసేపటికి, మా మాట నిజంగానే అయిపోయిందని నమ్మకం కుదిరాక, వెంకన్న గారు బల్ల దగ్గరికి వచ్చారు.

“ఆ నెలల్లో పచ్చదోమలండి” అన్నారు.

సార్వా, దాళ్వా అని ఇక్కడ రెండు పంటలు. రెండూ కోతకొచ్చే ముందు వరిమీద పచ్చని చిన్న పురుగులు కమ్ముకుంటాయి, దీపం వెలిగిస్తే చాలు, గుంపులుగా వచ్చి పడతాయి. సువార్త గారు క్లాసులయ్యాక, సాయంత్రాలు లైటు కింద పనిచేసేవారు. కిటికీకి అద్దాలు లేవు. తడి పొరమీద పురుగులు పడి అంటుకుంటుంటే చూడలేక, వెంకన్న గారు ఆ నెలల్లో ప్రతి పలక మీదా గాజు గిన్నె బోర్లించేవారు. సన్నని సెగ మీద పావుగంట అలాగే ఉంచి, తడి ఆరాక గిన్నె తీసి, అప్పుడు సెగ పెంచేవారు. పురుగులు లేని నెలల్లో గిన్నె అవసరం లేదు. పరిశుభ్రత కోసం చేసే పనే కదా అని సువార్త గారు దాన్ని రాయలేదు. ఆ గిన్నె కిందే, కలిపిన ద్రవం వెంటనే పారిపోకుండా, తన ఆవిరితోనే పొరను తడిపి ఉంచి, గొలుసులు సర్దుకునే వ్యవధి ఇచ్చిందన్నది మా ఇద్దరికీ ఒకేసారి తట్టింది.

ఒకే సీసాలోంచి తీసి రెండు పలకల మీద పరిచాం. చుక్కలు నేనే కలిపాను. ఒకదాని మీద గిన్నె బోర్లించాం, ఒకటి వదిలేశాం. మీటరు నేను పట్టుకోనన్నాను, సువార్త గారు ఆనించారు. గిన్నె కింది పొర రెండోదానికంటే పదింతలకు దగ్గరగా ఉంది. ఆవిడ మళ్ళీ ఆనించి చూశారు. తర్వాత వెంకన్న గారి వైపు తిరిగి, “అవి గిన్నె పెట్టే నెలలేనని ఇన్నేళ్ళూ చెప్పలేదేంటండి?” అన్నారు.

“మీరు అడగలేదమ్మా” అన్నారాయన.

ఆ సాయంత్రం అక్కడే కూర్చుని కమిటీకి రెండో ఉత్తరం రాశాను. పంపే ముందు ఇద్దరికీ చదివి వినిపించాను. వెంకన్న గారు అంతా విని, మొదటి దాంట్లో ఏమని రాశారండి అని అడిగారు. అదీ చదవాల్సి వచ్చింది. ‘స్వయంగా అంగీకరించాడు’ అన్నదాకా చదివాను. ఆయన తల దించుకుని విన్నారు. బయటికి వెళ్ళి, సైకిలు తీసుకుని, అన్నానికి ఇంటికి వెళ్ళారు.

రాజమండ్రి మీదుగా, రెండోసారి

పంపిన నివేదిక వెనక్కి తీసుకోవడం కుదరదని కమిటీ చెప్పింది. సువార్త గారి ఫైల్లో అది ఎప్పటికీ ఉంటుంది, రెండోది దాని పక్కన ఉంటుంది. పైగా నా మాట నమ్మదగినది కాదని నేనే రాశాను కాబట్టి, నా రెండో మాటను మాత్రం ఎలా నమ్ముతామన్నారు. న్యాయమే. ఇంకొకర్ని పంపమని అడిగాను. ఇకమీదట నాకు థీసిస్‌లు పంపొద్దని కూడా రాశాను. సువార్త గారు గిన్నె సంగతి చేర్చి, అది వెంకన్న గారు కనిపెట్టిన పద్ధతి అని పేరు పెట్టి, ఆ అధ్యాయం తిరగరాశారు.

రెండు నెలల తర్వాత కొత్త పరీక్షకురాలు వస్తున్నారని తెలిసి రైలెక్కాను. రాజమండ్రిలో దిగి, ఈసారి బస్సులోనే వెళ్ళాను. ఎందుకొచ్చారని సువార్త గారు అడిగితే, ఏమన్నా పని ఉంటే చేస్తానన్నాను.

పరీక్షకురాలు కచ్చితమైన మనిషి. “రాసినదాన్ని బట్టి నేనే చేసుకుంటాను, ఎవరూ లోపల ఉండొద్దు” అని తలుపు వేసుకున్నారు. ముగ్గురం వరండాలో మిగిలాం. ఆవిడ చేత్తో రాకపోతే ఇక రానట్టే. సువార్త గారు అటూ ఇటూ నడుస్తున్నారు. వెంకన్న గారు వరండా తొట్టిలో పిల్లల ప్రాక్టికల్సు పలకలు వేసుకుని కడగడం మొదలుపెట్టారు. నేను కూడా కడుగుతానన్నాను. కూర్చోండి మాష్టారూ అని రెండుసార్లు అన్నారు. మూడోసారి అడిగితే పీట జరిపారు. సబ్బునీళ్ళు, తర్వాత మంచినీళ్ళు, ఆ తర్వాత డిస్టిల్డు వాటరు. శుభ్రమైన గాజు మీద నీరు చుక్కలుగా నిలవదు, పల్చని పొరలా జారిపోతుంది. నిలిచిందంటే జిడ్డు మిగిలిందని. అది నేను పుస్తకంలో చదివి చెప్పినవాణ్ని, ఆయన రోజూ చూసినవారు.

రెండు గంటలు దాటాక తలుపు తెరుచుకుంది. “మీ అంకెలకంటే కొంచెం తక్కువ. ఫిర్యాదు చేసినవాళ్ళకు వచ్చినదానికంటే చాలా ఎక్కువ” అన్నారావిడ. “రాసింది రాసినట్టు వస్తోందమ్మా. అలాగే రాస్తాను.”

సువార్త గారు మెట్టు మీద కూర్చుండిపోయి కొంగు మొహానికి అడ్డం పెట్టుకున్నారు. కాసేపటికి లేచి, పరీక్షకురాలిని టీకి తీసుకెళ్తూ నన్నూ రమ్మన్నారు. ఇంకా పలకలున్నాయి, వస్తానన్నాను.

నేను కడిగి ఆరబెట్టినవాటిని వెంకన్న గారు ఒక్కొక్కటే నీళ్ళలో ముంచి, వెలుతురుకు ఎత్తి చూస్తున్నారు. అన్నీ చూశాక రెండు తీసి నా ముందు పెట్టారు.

“ఇవి కాదండి. మళ్ళీ కడగాలి.”

మళ్ళీ కడిగాను.